డబ్బా ఎట్ల తిరిగొచ్చింది

ఆ ఏడు నేను చేయవలసిన పనులు ఇవి:

ఏఎస్సై నర్సింలు ఒంటి మీద ఖాకీ లేకుండా చూడాలి.
జగదీశ్‌ను లోపల వేయించాలి. ఒక్క రాత్రయినా సరే.
అవ్వకు కంటి ఆపరేషన్ చేయించాలి.
స్కూటీ వెనక టైరు మార్చాలి.
బాపు సమాధి రాయి మీద పేరు రాయించాలి.

వీటిని ఎక్కడా రాసుకోలేదు. అవసరం రాలేదు. పొద్దున లేవగానే మొదటి రెండూ గుర్తుకొచ్చేవి. అవ్వ కన్నూ, టైరూ దారిలో గుర్తుకొచ్చేవి. చివరిది మాత్రం మొదటివి అయ్యాకే. అది అవ్వ, అంటే మా అమ్మ, పెట్టిన షరతు. "దొంగ అన్న మాట పోయినంక రాపిద్దం బిడ్డా. ఆ మాట ఉండంగ పేరు రాస్తె, పేరు సదివినోడు మాట గూడ సదువుతడు" అంది.

మాది చిన్న మంగళారం. నా పేరు ప్రేమజ్యోతి. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు, ఆపైన లా చదివిందీ నేనే. చేవెళ్ల కోర్టులో లీగల్ ఎయిడ్ లాయర్ని. వకీలును పెట్టుకునే తాహతు లేనివాళ్ల తరఫున మాట్లాడటం నా డ్యూటీ. మా చర్చిలో పాస్టరమ్మ సండేస్కూల్ పిల్లలకు నన్ను చూపించి, "అక్క న్యాయం కోసం చదువుకుంది" అని చెబుతుంది. నేను తల వంచుకుంటాను. వినయం అనుకుంటారు. నేను చదివింది పగ కోసం.

మా బాపు పేరు పౌలు. ఊరి అవతల ఒక ఫామ్‌హౌస్‌లో పూలతోట చూసేవాడు. తెల్లవారుజామున చామంతులు కోసి, తడిగుడ్డలో మూటగట్టి గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పంపడం ఆయన పని. బాపు కట్టిన మూట ఆటోలో ఎంత ఎగిరినా ఊడేది కాదు. కానీ కొస పట్టి లాగితే ఒక్కసారికే విడిపోయేది. కొసను రెండుసార్లు మెలిపెట్టి లోపలికి తోసేవాడు. ఆ ముడి మా ఊళ్లో ఇంకెవరికీ సరిగ్గా రాదు. నాకూ రాదు.

ఆ ఫామ్‌హౌస్ సూపర్‌వైజర్ జగదీశ్. మా ఇంట్లో క్రిస్మస్ బిర్యానీ తిన్న మనిషి. ఒకరోజు తోటలో బోరు మోటారు కేబుల్ పోయింది. సాయంత్రం జగదీశ్ మా ఇంటి ముందు బండి ఆపాడు.

"కాకా, ఎక్కు. అవుట్‌పోస్టు కాడ సారు రమ్మంటున్నడు. ఊకె మాట్లాడి వద్దాం."

మా దిక్కు ఇదొక మర్యాద. జీపు ఇంటి ముందుకు వస్తే పరువు పోతుందని, తెలిసినవాడే మనిషిని బండి మీద ఎక్కించుకుపోయి అప్పజెప్పి వస్తాడు. పోలీసులకు ఇంతకన్నా సుఖం లేదు. మనిషి తనంతట తనే వచ్చాడు, కాబట్టి అరెస్టు కాలేదు. అరెస్టు కాలేదు, కాబట్టి కారణం చెప్పక్కర్లేదు, ఇంటికి కబురు పంపక్కర్లేదు, వకీలును కలవనివ్వక్కర్లేదు. ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలన్న లెక్క మొదలే కాదు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు మాత్రం బాపు చెప్పులు తుడుచుకుని, కొత్త కండువా వేసుకుని, జగదీశ్ వెనక కూర్చుని పోయాడు.

రాత్రికి రాలేదు. మర్నాడు అవ్వ సద్ది కట్టుకుని పోయింది. అట్లా కాగితం లేకుండా లోపల ఉన్న మనిషికి తిండి ఇంటి నుంచే పోవాలి. గేటు దగ్గర కానిస్టేబుల్ డబ్బా తీసుకునేవాడు, కాసేపటికి ఖాళీది తెచ్చి ఇచ్చేవాడు. మాట లేదు, చూపు లేదు. డబ్బా ఒక్కటే లోపలికి పోయి వచ్చేది. మొదటి రెండు పూటలూ డబ్బా కడిగి ఉంది. గుడ్డ మీద బాపు ముడి ఉంది. అవ్వ ఆ ముడి చూసుకుని ఇంటికి వచ్చేది.

మూడో రోజు గుడ్డ ఊరికే చుట్టి ఉంది. మూత తీస్తే అన్నం మెతుకులు డబ్బా అంచు చుట్టూ అంటుకుని ఉన్నాయి. చేత్తో తిన్న డబ్బా అట్లా ఉండదు. మూతి పెట్టి తింటే అట్లా ఉంటుంది. అవ్వ రోడ్డు పక్కన మట్టిలో కూలబడింది.

ఆ తర్వాతే కాగితాల మీద అరెస్టు చూపించారు. ఆ రోజే పట్టుకున్నామనీ, నేరం ఒప్పుకున్నాడనీ రాశారు. కోర్టులో మేజిస్ట్రేటు "కొట్టారా?" అని అడిగారు. నర్సింలు బాపు వెనకే నిలబడి ఉన్నాడు. "లేదు సారు, బోరు కాడ జారి పడ్డ" అన్నాడు బాపు. బెయిలు వచ్చింది. కుడిచేతి మూడు వేళ్లు మళ్లీ మడవలేకపోయాడు. పూలు కోయగలిగేవాడు, మూట కట్టలేకపోయేవాడు. పనిలోంచి తీసేశారు. ఇంట్లో కూర్చుని ఎడమచేత్తో కండువా అంచు మెలిపెట్టడం, విప్పడం, మెలిపెట్టడం. మరుసటి ఎండాకాలం చూడకుండానే పోయాడు. కేసు కూడా పోయింది. నిర్దోషి అని రాయలేదు. ముద్దాయి చనిపోయినందున మూసివేయడమైనది అని రాశారు.

నేను లాలో చేరింది ఆ కాగితం చదివిన వారానికి.

*

పోయిన వానాకాలం, మొయినాబాద్‌లో పని చూసుకుని చేవెళ్ల పోతుంటే, అప్పట్లో బాపును ఉంచిన తోటలకట్ట అవుట్‌పోస్టు గేటు పక్కన ఒక ఆడమనిషి కనిపించింది. చేతిలో గుడ్డ కట్టిన టిఫిన్ డబ్బా. స్కూటీ ఆపేశాను. పోలీసుల గేటు ముందు డబ్బా నిలబడిందంటే లోపల కాగితం మీద లేని మనిషి ఉన్నాడని లెక్క. కాగితం మీద ఉన్నవాడికి సర్కారే పెట్టాలి.

ఆమె తల తిప్పింది. కవిత. జగదీశ్ భార్య.

"చెల్లె, నువ్వు పౌలు కాక బిడ్డవు గద?"

"అవునక్కా. మంచిగనే గుర్తుపట్టినవ్."

"మా ఆయనను నిన్న పొద్దుగూకి పిలిచిండ్రు. ఫామ్‌హౌస్ల జనరేటర్ పోయిందట, ఈయన మీద అనుమానమట. మా మరిది బండి మీద తోల్కొచ్చి దింపిండు. ఇప్పటి దాంక ఇడుస్తలేరు. ఎందుకో చెప్తలేరు. నన్ను లోపటికి రానిస్తలేరు. నువ్వు వకీలమ్మవు గద, జర అడుగరాదు..."

ఎండలో నడిచొచ్చి చల్లటి కుండ నీళ్లు తాగినట్టయింది నాకు. దాచుకోను. అంత హాయిగా ఉంది.

"ఫికర్ చేయకక్కా" అన్నాను. "ఊకె మాట్లాడుతున్నరు కావచ్చు. మాట్లాడి పంపిస్తరు. అప్పుడు మీ ఆయన మా బాపుకు గిదే చెప్పిండు."

ఆమెకు అర్థమైంది. డబ్బాను కడుపుకు అదుముకుంది. నేను వెళ్లిపోయాను. ఆ రోజు కోర్టులో చాలా బాగా వాదించానని మా సీనియర్ మెచ్చుకున్నాడు.

సాయంత్రం ఇంటికి పోయి, చెప్పులు విప్పకముందే చెప్పాను.

"అవ్వా, జగదీశ్‌ను ఏసిండ్రు. నర్సింలు కాడనే."

అవ్వ, అంటే పద్మమ్మ, చిక్కుడుకాయలు తుంచుతోంది. చేయి ఆగలేదు. "మంచిగైంది. ప్రభువు కండ్లు మూసుకోలే."

"కవిత డబ్బా పట్కొని నిలబడ్డది."

"నిలబడనీ. కాళ్లు గుంజంగ నిలబడనీ. నేను నిలబడలేదా?" రెండు కాయలు తుంచింది. "డబ్బా ఎట్ల తిరిగొచ్చింది?"

"నాకేం ఎరుక? అడగలే."

"గంత సదువు సదివినవ్, డబ్బా సంగతి అడగకపోతివా?"

"వాని డబ్బాతోని నీకేం పని అవ్వా?"

"వానితోని నాకేం పని లేదు. వాడు పురుగులు పడి పోయినా నేను సూడ పోను." ఇప్పుడు చేయి ఆగింది. "గని డబ్బా కడిగొస్తున్నదంటె నర్సింలు మారిండు. కడగకుండ వస్తున్నదంటె గా అర్ర గట్లనే ఉన్నది, ఆ నర్సింలు గట్లనే ఉన్నడు. మీ బాపు చెయ్యి ఇరిగినప్పుడు ఆ అర్రల ఉన్నది ఇద్దరే. కొట్టినోడు, పక్కపొంటి నిలబడి సూసినోడు."

అన్నం ముందు కూర్చున్నాను. ఇన్నేళ్లుగా మొదటి రెండు పనులనూ ఒకేసారి చేయవచ్చనుకున్నాను. అవి ఒకదానికొకటి అడ్డమని ఇప్పుడు తెలిసింది. నేను నోరు మూసుకుంటే జగదీశ్ జైలుకు పోతాడు, నర్సింలు ఖాకీలోనే ఉంటాడు. నేను నోరు విప్పితే జగదీశ్ ఇంటికి పోతాడు, కానీ నర్సింలు మీద సాక్షి పుడతాడు. చూసినవాడా, కొట్టినవాడా? ఇద్దరిలో ఒకడినే ఎంచుకోవాలి.

కొట్టినవాడినే ఎంచుకున్నాను. దీనికి జాలి అని పేరు పెట్టకండి.

*

మర్నాడు పొద్దున్నే పోయాను. కవిత అక్కడే ఉంది, చేతిలో ఇంకో డబ్బాతో. రాత్రి తిరిగొచ్చిన డబ్బా సంచిలో ఉంటే అడిగి తీసుకుని మూత తీశాను. అంచు చుట్టూ మెతుకులు.

వకాలత్ కాగితం తీసి ఆమె సంతకం తీసుకున్నాను.

"నిన్న గట్లన్నవ్, ఇయ్యాల ఎందుకు చేస్తున్నవ్ చెల్లె?" అంది భయంగా.

"నీ కోసం కాదక్కా. సంతకం పెట్టు."

వరండాలో బల్ల ముందు నర్సింలు కూర్చుని ఉన్నాడు. మనిషి లావయ్యాడు, మీసం తెల్లబడింది. నన్ను చూసి లేవలేదు.

"ఏం మేడం, దారి తప్పినవా?"

"జగదీశ్‌ను కలవాలి సార్. నేను అతని వకీలును. విచారణ జరిగేటప్పుడు కలిసే హక్కు అతనికి ఉంది."

"ఏ జగదీశ్?"

"మొన్న సాయంత్రం నుంచి లోపల ఉన్న జగదీశ్."

"లోపట బల్లులున్నయ్ మేడం. బల్లులకు గూడ వకాలత్ తెచ్చినవా?" కానిస్టేబుల్ నవ్వాడు.

"అయితే ఈమె డబ్బా ఎవరికి తెస్తోంది?"

నర్సింలు కవిత వైపు చూశాడు. చేయి చాచి డబ్బా తీసుకున్నాడు. గుడ్డ విప్పాడు, మూత తీశాడు, మా ఎదురుగానే పప్పూ అన్నం కలిపి నోట్లో పెట్టుకున్నాడు.

"నాకే. ఈ రోడ్డు మీద కవితమ్మ పప్పుకు సాటి లేదు. ఏమ్మా, అంతే గద?" ఇంకో ముద్ద పెట్టుకున్నాడు. "ఉప్పు జర తక్వైంది. రేపు సూసుకో."

గోడ అవతల ఎవరో దగ్గారు. కవిత ఆ దగ్గును గుర్తుపట్టి నా చేయి పట్టుకుంది. నర్సింలు నములుతూనే నన్ను పరీక్షగా చూశాడు.

"నువ్వు ఆ పూలాయన బిడ్డవు గద? ఏం పేరు, పౌలు. ఆ ముసలోడు గూడ ఈడ కడుపునిండ తిన్నడు."

బల్ల మీద ఉన్న నీళ్ల చెంబు తీసి వాడి ముఖాన కొట్టాలనిపించింది. కొట్టి ఉంటే కథ అక్కడే అయిపోయేది, అదీ వాడికి అనుకూలంగా.

"పేరు యాది పెట్టుకున్నందుకు థాంక్స్ సార్" అన్నాను. "ఆ పేరు మళ్లొకసారి చెప్పాల్సి వస్తది. అప్పుడు గుటక వేయకుండ చెప్పండి."

రోడ్డుకు ఇవతల సంగయ్య నర్సరీ ఉంది. కొబ్బరి మొక్కలు, మామిడి అంట్లు అమ్ముతాడు. ఆయన గేటు మీద కెమెరా ఉంది. దాని చూపు రోడ్డు దాటి అవుట్‌పోస్టు వరండా దాకా పోతుంది.

"కాకా, మొన్నటి నుంచి రికార్డు కావాలె."

"ఠాణా ఎదురుంగ బతకాలె బిడ్డా నేను. వద్దు."

"కెమెరా ఎందుకు పెట్టినవ్ కాకా?"

"దొంగల కోసమే."

"మరి దొంగను సూపెట్టు."

ఆయన నన్ను చూశాడు, కవితను చూశాడు. "మీ బాపు నా కాడ గులాబి అంట్లు కొంటుండె. ఒక్కటి గూడ ఎండిందని వాపస్ తేలే" అన్నాడు. కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

ఆ నర్సరీ బెంచీ మీద కూర్చునే ఫోన్‌లో ఫిర్యాదు టైపు చేశాను. జగదీశ్ అనే వ్యక్తిని కారణం చెప్పకుండా, అరెస్టు చూపకుండా లోపల ఉంచారు, కొడుతున్నారు, వకీలును కలవనివ్వలేదు. మేజిస్ట్రేటుకు, లీగల్ సర్వీసెస్ వారికి, పోలీసు పై అధికారికి మెయిల్ పంపాను. కవిత సంతకంతో అదే కాగితం కోర్టు కౌంటర్‌లో ఇచ్చి ముద్ర వేయించుకున్నాను. ఎండ ఇంకా నడినెత్తిన ఉంది.

*

నేను అనుకున్నట్టే మర్నాడు జగదీశ్‌ను కోర్టుకు తెచ్చారు. చిల్కూరు చౌరస్తాలో ఆ తెల్లవారే పట్టుకున్నామని రిపోర్టు. ఒంటి మీద దెబ్బల్లేవని ఒక సర్టిఫికెట్. అరెస్టు మెమోలో సాక్షిగా ఎవరికీ తెలియని ఒక సంతకం.

కోర్టు వరండాలో కానిస్టేబుల్‌ను పది అడుగులు అవతల నిలబడమన్నాను. జగదీశ్ బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. చేతులు తువ్వాలు కింద దాచుకున్నాడు. నన్ను చూసి లేవబోయాడు.

"కూసో" అన్నాను. "ముందు ఈ మాట విను. నేను నిన్ను క్షమించలే. క్షమించే ఆలోచన గూడ లేదు. నువ్వు జైలుకు పోతే ఆ రోజు మా ఇంట్ల పాయసం వండుతరు. ఇది తెలిసి గూడ నన్ను వకీలుగా ఉండమంటవా? వద్దంటే ఇంకొకరిని పెట్టమని నేనే అడుగుత. మొహమాటం వద్దు."

తువ్వాలు ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు. "నువ్వే ఉండు చెల్లె."

"ఎందుకు?"

"వాని మీద నీకున్నంత కోపం ఇంకెవలికుంటది?"

నాకు నవ్వొచ్చింది. పళ్లు బిగించి ఆపుకున్నాను. ఇంత తెలివి ఉన్న మనిషి ఆ రోజు బాపును బండి ఎక్కించాడు.

"తువ్వాలు తియ్యి."

తీశాడు. కుడిచేయి. అవే వేళ్లు. బాపు చేతికి కట్టు విప్పి, మళ్లీ కట్టు కట్టినదాన్ని నేనే. ఆ వాపు రంగు నాకు తెలుసు.

"బల్ల మీద పెట్టమని, కుర్చీ కోడు పెట్టి..." అని ఆగిపోయాడు. "కాకను గూడ గట్లనే. నేను తలుపు కాడ నిలబడ్డ. ఆపలే."

"లోపల మేడం అడిగితే నీ చేతి సంగతి చెప్పు. మా బాపు చేతి సంగతి చెప్పుడు, చెప్పకపోవుడు నీ ఇష్టం. చెప్పకున్నా నీ తరఫున నేను గిట్లనే మాట్లాడుత. అది నా డ్యూటీ. కానీ చెప్పకపోతే చచ్చేదాక నీ ఇంటి ముందు నుంచే పోత, వస్త."

లోపల మేజిస్ట్రేట్ మేడంకు మొదట నా సంగతే చెప్పాను. ముద్దాయి మీద నాకు పాత కోపం ఉందనీ, అది అతనికి చెప్పాననీ, అయినా నేనే కావాలన్నాడనీ. ఆవిడ జగదీశ్‌ను అడిగారు. అవునన్నాడు.

తర్వాత ఒక్కటే అడిగాను. "కొట్టారా అని మీరు ఇతన్ని అడిగేటప్పుడు పోలీసులు ఈ గదిలో ఉండకూడదు మేడం."

నర్సింలు జగదీశ్ వెనక, సరిగ్గా ఒకప్పుడు బాపు వెనక నిలబడ్డ చోటే నిలబడి ఉన్నాడు. మేడం తల ఎత్తి, బయటికి పొమ్మన్నారు. ఆ నాలుగడుగులూ వాడు నడుస్తుంటే నేను ఒక్కొక్క అడుగూ చూశాను. తలుపు దగ్గర వెనక్కి తిరిగి చూశాడు. చూడనీ అనుకున్నాను.

జగదీశ్ చేయి చూపించాడు. నేను నర్సరీ రికార్డు చూపించాను. అందులో కవిత డబ్బాతో వచ్చి నిలబడుతుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. చివర నర్సింలు అన్నం కలుపుకుని తింటాడు. మేడం నా ఫిర్యాదు మీద ఉన్న ముద్ర చూశారు. నర్సింలును లోపలికి పిలిచారు.

"ఇతన్ని ఇవాళ తెల్లవారి పట్టుకున్నామని రాశారు. లోపల ఉన్నాడని నిన్న మధ్యాహ్నమే నాకు ఫిర్యాదు అందింది. రేపు జరగబోయే అరెస్టు ఈ అమ్మకు ముందే ఎట్లా తెలిసింది?"

నర్సింలు గుటక వేశాడు.

వాడిని మళ్లీ బయటికి పంపాక జగదీశ్ గొంతు పెరిగింది. "మేడం, ఇదే అర్రల, ఇదే బల్ల మీద పౌలు కాక వేళ్లు గూడ ఈయననే ఇరగ్గొట్టిండు. నేను తలుపు కాడ ఉండి సూసిన. కాక బోరు కాడ జారి పడలే. నా కండ్లతోని సూసిన." మేడం రాయిస్తున్నారు. టైపు చప్పుడు వింటూ బల్ల అంచు పట్టుకున్నాను.

జగదీశ్ ఆగలేదు. "ఇంకొకటి గూడ ఉన్నది మేడం. ఆ కేబుల్ సంగతి. ఆ దినం కేబుల్ ఎవలు..."

ఇన్నేళ్లుగా నేను ఎదురుచూసిన వాక్యం అది. పూర్తయితే రాయి మీద పేరు రాయించవచ్చు. పూర్తయితే ఆ వాక్యం చెప్పినవాడి మీద ఏ కేసు వస్తుందో కూడా నాకు తెలుసు. తన నోటితో తనకు ఉచ్చు వేసుకోమని ఎవరినీ బలవంతం చేయకూడదు. తెలియక వేసుకుంటుంటే ఆపవలసినది వాడి వకీలు. ఆ గదిలో వాడి వకీలును నేనే.

నేను చేయి ఎత్తాను. అది నా చేయిలా అనిపించలేదు.

"మేడం, నా క్లయింటు చేతి సంగతి, చూసిన దెబ్బల సంగతి మాత్రమే చెబుతాడు. కేబుల్ గురించి మాట్లాడడు." జగదీశ్ వైపు తిరిగాను. "నోరు మూసుకో."

వాడు నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూశాడు. ఆ వాక్యం అక్కడే ఆగింది. తర్వాత కూడా నేను అడగలేదు. ఇక్కడా రాయను.

రిమాండ్ ఇవ్వలేదు. సొంత పూచీ మీద వదిలేశారు. చేతికి మళ్లీ పరీక్ష చేయించమన్నారు. జగదీశ్ మాటలను పై అధికారికి పంపి, నర్సింలు మీద కేసు కట్టమన్నారు. జనరేటర్ కేసు ఇంకా నడుస్తోంది. అది వేరే సంగతి.

*

నర్సింలును ముందు సస్పెండ్ చేశారు. కొన్నాళ్లకు అరెస్టు చేశారు. ఆ రోజు నేను పని కల్పించుకుని ఠాణాకు పోయాను. వాడిని కింద కూర్చోబెడతారేమో చూద్దామని పోయాను. కుర్చీ వేశారు.

పాత చొక్కా వేసుకుని ఉన్నాడు. అరెస్టు కారణం కాగితం మీద రాసివ్వమన్నాడు. ఇంటికి ఫోన్ చేయమన్నాడు. డాక్టర్‌కు చూపించమన్నాడు. వకీలు వచ్చేదాకా ఒక్క మాట మాట్లాడనన్నాడు. వాడికి అన్ని హక్కులూ వరసగా, తప్పు లేకుండా వచ్చు. ఇన్నేళ్లూ ఏవేవి ఇవ్వకూడదో తెలిసినవాడు కదా.

విచారణాధికారి విసుక్కుంటుంటే నేను ముందుకు పోయి చెప్పాను. "సార్, అడిగినవన్నీ ఇవ్వండి. అడగనివి కూడా ఇవ్వండి. టైము టైముకు రాయండి. ఒక్కటి తక్కువైనా రేపు ఆ సందులోంచి జారిపోతాడు. నాకు వీడు జారిపోవద్దు."

నర్సింలు విన్నాడు. నా వైపు చూసి ఏమీ అనలేదు. వకీలు ఇంకా రాలేదు మరి.

ఇంటి దగ్గర మాత్రం అవ్వ నాతో మాట్లాడలేదు. కోర్టు నుంచి వచ్చిన రోజే అడిగింది. "కేబుల్ సంగతి చెప్పిండా?"

"చెప్పబోయిండు. నేనే ఆపిన."

కంచం విసురుగా పెట్టి పోయింది. అప్పటి నుంచీ అన్నం పెట్టడం, తలుపు తీయడం, ప్రార్థన చేయడం, అన్నీ మౌనంగానే.

నర్సింలు అరెస్టయిన మరుసటి ఆదివారం, మేము చర్చి నుంచి వచ్చేసరికి కవిత మా గడప ముందు నిలబడి ఉంది. చేతిలో అదే డబ్బా. "కోడికూర చెల్లె. ఆయన ఇచ్చి రమ్మన్నడు. ఆయన రానీకి మొఖం లేక..."

అవ్వ డబ్బా తీసుకుంది. పెరట్లోకి పోయి కూర మొత్తం కుక్కకు పెట్టింది. వచ్చి, బోరింగు దగ్గర కూర్చుని డబ్బాను బూడిదతో తోమింది. లోపల, బయట, అంచు చుట్టూ. తుడిచి గుడ్డ కట్టి ఇచ్చింది.

"డబ్బా కడిగి వాపస్ ఇయ్యాలె. మా ఇంట్ల గదే పద్ధతి. మా ఆయన గూడ గట్లనే ఇస్తుండె, చెయ్యి ఉన్నన్ని దినాలు" అంది. కవిత ఏడుస్తూ పోయింది. అవ్వ ఆమె వెనక చూడలేదు.

సాయంత్రం నా పక్కన కూర్చుంది.

"రాయి చెక్కెటోణ్ని పిలువు. పేరు రాపిద్దం."

"కేబుల్ సంగతి తేలలే గద అవ్వా?"

"నాకు తేలింది."

"ఎట్ల?"

"ఉత్త మాటైతే నువ్వెందుకు ఆపుతవ్? వాని పానం మీదికి వచ్చే మాట కాబట్కె ఆపినవ్. ఇన్ని దినాలు కోపంల నా తలకు ఎక్కలే." నా ముఖంలోకి చూసింది. "అవునా, కాదా?"

నేను అవునని అనలేదు. కాదని అనలేదు. అవ్వ నా నెత్తి మీద చేయి వేసి లేచింది.

ఇప్పుడు రాయి మీద పేరు ఉంది. టైరు మార్చాను. అవ్వ కన్ను వచ్చే నెల. నర్సింలు కేసు వాయిదాల మీద ఉంది. ప్రతి వాయిదాకూ పోయి ముందు బెంచీలో కూర్చుంటాను, వాడు తల తిప్పితే కనబడేటట్టు. జగదీశ్ మూడు రాత్రులు ఆ అర్రలో ఉన్నాడు. రెండో పని అయినట్టో కానట్టో ఇంకా తేల్చుకోలేదు.

ఇది చదివిన మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను. ఎప్పుడైనా ఏ ఠాణా గేటు ముందైనా డబ్బా పట్టుకుని నిలబడ్డ మనిషి కనబడితే, ఊరికే దాటిపోకండి. లోపల ఎవరున్నారు, ఎప్పుడు తెచ్చారు, డబ్బా ఎట్లా తిరిగొచ్చింది అని అడగండి. అడిగేటప్పుడు మా బాపును ఒక్కసారి యాది చేసుకోండి. పేరు పౌలు. చిన్న మంగళారం. చామంతి మూట కడితే దారిలో ఊడేది కాదు.